కొవ్వు దాకా చేరని బయాప్సీ: చర్మం కింద దాగిన ఒక అరుదైన లింఫోమా

ఈ కేసును రాయడానికి రోగి, ఆమె భర్త ఇద్దరూ ఒప్పుకున్నారు. వయసు, ఊరు, పని, కుటుంబ వివరాలను ఎవరూ గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. జబ్బు నడిచిన క్రమాన్ని, పరీక్షల విలువలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. రోగనిర్ధారణ ఆలస్యం కావడంలో నా వంతు కూడా ఉంది కాబట్టి, ఆ భాగాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో నిమ్మతోటల్లో కాయలు కోయడానికి వెళ్లే స్త్రీలు చేతుల మీద, తొడల మీద ముళ్ల గీతలతో నా క్లినిక్‌కు రావడం మామూలే. ఆ గీతలు చీము పట్టినవి కావచ్చు, ముల్లు ముక్క లోపలే ఉండిపోయి గట్టిపడినవి కావచ్చు. అందుకే 26 ఏళ్ల ఈమె ఎడమ తొడ బయటి వైపు ఉసిరికాయంత గడ్డ లేచినప్పుడు ఇంట్లోవాళ్లు దాన్ని నిమ్మముల్లు పనే అనుకున్నారు. నెల తిరిగేలోగా రెండో తొడ మీద, జబ్బల మీద, పొట్ట మీద కూడా గడ్డలు లేచాయి. ముల్లు గుచ్చుకోని చోట కూడా గడ్డ వచ్చిందన్న సంగతిని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ వాటిని కొవ్వు గడ్డలన్నారు. ఆ మాట ఒక రకంగా నిజమే, ఎందుకంటే జబ్బు ఉన్నది కొవ్వులోనే. అయితే మామూలు కొవ్వు గడ్డలు జ్వరం తీసుకురావు, మాత్రలకు కరిగిపోవు. ఈమెకు సాయంత్రాలు జ్వరం వచ్చేది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నన్నాళ్లూ గడ్డలు అణిగి, ఆపిన పది రోజులకు మళ్లీ లేచేవి. మూడో నెలలో ఒక శస్త్రచికిత్స నిపుణులు తొడ మీది గడ్డను చీముగడ్డ అనుకుని కోశారు. చీము రాలేదు. నూనెలాంటి పసుపు ద్రవం వచ్చింది. కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. కోసిన చోటి నుంచి చిన్న ముక్కను పాథాలజీకి పంపి ఉంటే బహుశా అప్పుడే దారి దొరికేది, ఎందుకంటే ఆ నూనె చచ్చిపోయిన కొవ్వు కణాల నుంచి కారినది.

ఆ తర్వాత, క్షయ క్రిమి సోకిందేమో చూసే మాంటూ పరీక్షలో 18 మి.మీ. వాపు వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని, ఇవి క్షయకు చర్మం చూపే ప్రతిచర్య వల్ల వచ్చే ఎరిథీమా ఇండ్యురేటమ్ గడ్డలని భావించి, ఒక ఆసుపత్రిలో నాలుగు మందుల క్షయ చికిత్స మొదలుపెట్టారు. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి క్షయ క్రిమి సోకే ఉంటుంది కాబట్టి, మాంటూ పాజిటివ్ రావడం ఒక్కటే జబ్బును రుజువు చేయదు. రెండున్నర నెలలు మందులు వాడినా జ్వరం విడవలేదు, ఆరు కిలోల బరువు తగ్గింది. కాలేయ ఎంజైములు పెరిగితే అది క్షయ మందుల ప్రభావమనుకున్నారు.

నా దగ్గరికి వచ్చినప్పుడు

మొత్తం తొమ్మిది గడ్డలు లెక్కపెట్టాను. రెండు నుంచి ఆరు సెం.మీ. వెడల్పు ఉన్నాయి. పైచర్మం దాదాపు మామూలుగానే ఉంది, రెండు మూడు చోట్ల మాత్రం లేత ఎరుపు. పుండు పడినది ఒక్కటీ లేదు. ఆ తొమ్మిదింటి కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి పాత గడ్డలు మానిన చోట మిగిలిన రెండు గుంటలు. కుడి తొడ మీది గుంటలో నా బొటనవేలి కొస పూర్తిగా ఇమిడింది. పైన చర్మం చెక్కుచెదరలేదు, కింద ఉండాల్సిన కొవ్వు మాత్రం లేదు.

జ్వరంతో పాటు చర్మం కింద గడ్డలు కనిపిస్తే మన ప్రాంతంలో మొదట గుర్తుకు వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఎరిథీమా నోడోసమ్ మోకాలి కింద ముందువైపు వస్తుంది, కొన్ని వారాల్లో గుంటలు మిగల్చకుండా తగ్గిపోతుంది. ఈమెకు మోకాళ్ల కింద ఒక్క గడ్డా లేదు. ఎరిథీమా ఇండ్యురేటమ్ ఎక్కువగా పిక్కల వెనక వచ్చి పుండు పడుతుంది. కుష్ఠులో వచ్చే ఎరిథీమా నోడోసమ్ లెప్రోసమ్‌ను మన దగ్గర ఎప్పుడూ మరవకూడదు కాబట్టి నరాలు తడిమి చూశాను, స్పర్శ పరీక్షించాను, చెవి తమ్మెల నుంచి స్మియర్ తీయించాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. క్లోమం జబ్బు లేదని లైపేజ్ పరీక్ష చెప్పింది.

మిగిలినవి రెండు. ఒకటి లూపస్ ప్యానిక్యులైటిస్, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత కొవ్వు పొర మీద దాడి చేసే జబ్బు. రెండోది సబ్‌క్యుటేనియస్ ప్యానిక్యులైటిస్ లైక్ టి సెల్ లింఫోమా. దీన్ని మొదట వర్ణించింది 1991లో. పేరులోనే ఉన్నట్టు, చూడటానికి కొవ్వు వాపులా ఉంటూ లోపల టి కణాల (టి లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లకణాల) క్యాన్సర్‌గా నడిచే జబ్బు ఇది. యువతుల్లో ఎక్కువ. ఈ రెండూ కంటికి కవలల్లా కనిపిస్తాయి. రెండింటిలోనూ గుంటలు మిగులుతాయి, రెండూ స్టెరాయిడ్‌కు అణుగుతాయి. లింఫోమా ఉన్న కొందరిలో లూపస్ కూడా ఉంటుంది. ఈమె హిమోగ్లోబిన్ 9.8, తెల్లకణాలు 3,200, ప్లేట్‌లెట్లు 1.4 లక్షలు, లూపస్ కోసం చూసే ఏఎన్ఏ పరీక్ష బలహీనంగా పాజిటివ్. లూపస్‌లో కూడా రక్తకణాలు తగ్గుతాయి కాబట్టి ఈ అంకెలు ఎటూ తేల్చలేదు. తేల్చాల్సింది బయాప్సీ.

నేను చేసిన పొరపాటు

4 మి.మీ. పంచ్‌తో, అంటే చర్మాన్ని గుండ్రంగా కోసే చిన్న పరికరంతో, ముక్క తీశాను. క్లినిక్‌లో పది నిమిషాల పని, ఒక్క కుట్టుతో సరిపోతుంది, రోగి అదే రోజు బస్సెక్కి ఇంటికి వెళ్లవచ్చు. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేస్తున్నప్పుడు దాని అడుగున వేలాడుతున్న పసుపు పోగు బియ్యపు గింజంత కూడా లేదు. మిగతాదంతా తెల్లటి చర్మమే. ఆ క్షణంలోనే ఇది చాలదని నాకు తెలిసి ఉండాలి. వారానికి రిపోర్టు వచ్చింది: రక్తనాళాల చుట్టూ కొద్దిగా లింఫోసైట్లు, అసాధారణ కణాలు లేవు.

ఆ రిపోర్టులో అబద్ధం లేదు. పాథాలజిస్టు తనకు పంపిన చర్మాన్ని చూసి చర్మం గురించి రాశారు. ‘అసాధారణ కణాలు లేవు’ అన్న మాటను నేను ‘క్యాన్సర్ లేదు’ అని చదువుకున్నాను. జబ్బు ఉన్న పొర ఆ గాజుపలక మీదికి రానే లేదన్న సంగతిని పక్కన పెట్టి, లూపస్ ప్యానిక్యులైటిస్ అనుకుని హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో పాటు రోజుకు 30 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రాశాను. క్షయ లేదని రుజువు కానందున క్షయ మందులను కొనసాగించమన్నాను.

మూడు వారాలు బాగానే ఉంది. గడ్డలు మెత్తబడ్డాయి, ఆకలి పుట్టింది. స్టెరాయిడ్‌ను 15 మి.గ్రా.కు తగ్గించిన పది రోజులకు జ్వరం తిరగబెట్టింది, నాలుగు కొత్త గడ్డలు లేచాయి. ఇక్కడ రెండో లెక్క కూడా తప్పాను. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉసిగొల్పి ప్రెడ్నిసోలోన్‌ను త్వరత్వరగా విరిచేస్తుంది. నేను 15 మి.గ్రా. అనుకుని ఇస్తున్నది ఆమె ఒంట్లో అంతకంటే చాలా తక్కువగానే పనిచేస్తోంది. అయితే ఈ వివరణతో తృప్తి పడి మోతాదు పెంచి ఊరుకుని ఉంటే ఇంకా నష్టం జరిగేది. స్టెరాయిడ్ తగ్గించిన ప్రతిసారీ తిరగబెట్టే జబ్బుకు మోతాదు కంటే ముందు పేరు తేలాలి.

రెండో బయాప్సీ

ఈసారి శస్త్రచికిత్స నిపుణులతో కలిసి, థియేటర్‌లో, మూడు సెం.మీ. పొడవున ఆకు ఆకారంలో కోసి, కండరం మీది పొర కనిపించేదాకా లోతుకు వెళ్లి ముక్క తీశాము. ఏ గడ్డ నుంచి తీయాలన్నది కూడా ఆలోచించాము. పాత గడ్డల్లో చచ్చిన కొవ్వు తప్ప ఏమీ మిగలదు కాబట్టి రెండు వారాల లోపు లేచిన గడ్డను, అదీ దాని అంచును ఎంచుకున్నాము. అంతకు ముందు వారం రోజులు స్టెరాయిడ్ పెంచకుండా ఆగాము. జ్వరంతో ఉన్న మనిషిని అలా ఆపి ఉంచడం కష్టమైనా, స్టెరాయిడ్‌కు అణిగిన కణాలు మళ్లీ మనల్ని మోసం చేస్తాయన్నది భయం. ముక్కను రెండు చేసి ఒకటి ఫార్మలిన్‌లో, రెండోది సెలైన్‌లో వేసి క్షయ, ఫంగస్ పరీక్షలకు పంపాము. అభ్యర్థన కాగితం మీద ‘గడ్డ’ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా, గుంటల సంగతి, స్టెరాయిడ్‌కు అణిగి లేచే తీరు, లింఫోమా అనుమానం అన్నీ రాసి, పాథాలజిస్టుకు ఫోన్ చేసి మాట్లాడాను.

ఆయన నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించారు. కొవ్వు కణం మైక్రోస్కోప్‌లో ఖాళీ గుండ్రటి గదిలా ఉంటుంది. ఒక్కో గది చుట్టూ నల్లటి కేంద్రకాలున్న లింఫోసైట్లు, ఎడ్లబండి చక్రానికి బిగించిన ఇనుప పట్టాలా, సందు లేకుండా అంటుకుని ఉన్నాయి. మధ్యమధ్య చితికిపోయిన కేంద్రకాల పొడి, దాన్ని మింగి ఉబ్బిన మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు. పైనున్న చర్మంలో దాదాపు ఏమీ లేదు. నా మొదటి ముక్కలో ఏమీ కనపడకపోవడానికి కారణం అదే పలక మీద కనిపించింది.

ముక్కను మైనంలో పెట్టిన బ్లాకులను చెన్నైలోని ల్యాబ్‌కు పంపి, కణాలను వాటిలోని ప్రొటీన్ గుర్తులతో (సిడి3 వంటివి) పోల్చుకునే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష చేయించాము. చక్రాలు కట్టిన కణాలు సిడి3, సిడి8 పాజిటివ్, సిడి4 నెగటివ్, గ్రాంజైమ్ బి పాజిటివ్, సిడి56 నెగటివ్, ఎప్‌స్టీన్ బార్ వైరస్ జాడ లేదు. విభజన వేగాన్ని చూపే కెఐ67 ఆ చక్రాల్లోనే ఎక్కువగా వెలిగింది. లూపస్‌లో గుంపులుగా కనిపించే బి కణాలు, ప్లాస్మా కణాలు, సిడి123 కణాలు లేవు. అన్నింటికంటే ముఖ్యమైనది బీటా ఎఫ్1 పాజిటివ్ రావడం. అంటే ఇవి ఆల్ఫా బీటా రకం టి కణాలు. 2005 వర్గీకరణ నుంచి ఆ రకానికే ఈ లింఫోమా పేరు వర్తిస్తుంది. గామా డెల్టా రకాన్ని వేరే జబ్బుగా విడదీశారు. ఈ తేడా పేరుకు మాత్రమే పరిమితం కాదు. 2008లో వెలువడిన యూరోపియన్ అధ్యయనంలో ఆల్ఫా బీటా రకం రోగుల్లో ఐదేళ్లు బతికినవారు 82 శాతం కాగా, గామా డెల్టా రకంలో 11 శాతమే.

క్షయ, ఫంగస్ పరీక్షలు నెగటివ్ వచ్చాయి. క్షయలో కనిపించే గ్రాన్యులోమాలు, అంటే కణాల ముద్దలు, లేవు. క్షయ మందులు ఆపేశాము.

జ్వరం వెనక ఇంకో ప్రమాదం

రిపోర్టుల కోసం ఎదురుచూస్తున్న వారంలోనే ఆమెకు 103 డిగ్రీల జ్వరం వచ్చింది. వానాకాలం. ప్లేట్‌లెట్లు 78,000. ఊరి దగ్గరి ఆసుపత్రిలో డెంగీ అన్నారు. మన జిల్లాలో ఆ నెలల్లో ఎవరైనా మొదట అదే అనుకుంటారు. డెంగీకి చేసే ఎన్ఎస్1, స్క్రబ్ టైఫస్, మలేరియా పరీక్షలు నెగటివ్. నిజానికి ఆ పరీక్షల కంటే ముందే కాలక్రమం జవాబు చెబుతోంది. డెంగీలో ప్లేట్‌లెట్లు పడి కొన్ని రోజుల్లో కోలుకుంటాయి. ఈమె రక్తకణాలన్నీ నెలల తరబడి మెల్లగా దిగుతూ వచ్చాయి. రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయినప్పుడు రక్తంలో బాగా పెరిగే ఫెరిటిన్ అడిగాను. 3,800 వచ్చింది. ట్రైగ్లిసరైడ్లు 340, ఫైబ్రినోజెన్ 140, హిమోగ్లోబిన్ 8.4, ప్లీహం పక్కటెముకల కింద రెండు సెం.మీ. తగులుతోంది.

దీన్ని హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్ అంటారు, క్లుప్తంగా హెచ్‌ఎల్‌హెచ్. అదుపు తప్పిన టి కణాలు మాక్రోఫేజ్‌లను రెచ్చగొడితే అవి సొంత రక్తకణాలనే మింగడం మొదలుపెడతాయి. 2004 ప్రమాణాల ప్రకారం ఎనిమిది లక్షణాల్లో ఐదు ఉండాలి. ఈమెకు జ్వరం, ప్లీహం, రక్తకణాల తగ్గుదల, ట్రైగ్లిసరైడ్లు, ఫెరిటిన్ కలిపి ఐదు అప్పటికే ఉన్నాయి. ఎముక మజ్జ పరీక్షలో కణాలను మింగుతున్న మాక్రోఫేజ్‌లు కనిపించాయి, లింఫోమా లేదు. పైన చెప్పిన అధ్యయనంలోనే, హెచ్‌ఎల్‌హెచ్ లేని ఆల్ఫా బీటా రోగుల్లో ఐదేళ్లు బతికినవారు 91 శాతం, ఉన్నవారిలో 46 శాతం. ఆమె ప్రాణానికి అసలు ముప్పు తొడ మీద కనిపించే గడ్డల నుంచి లేదు, హెచ్‌ఎల్‌హెచ్ అనే ఈ మంట నుంచే ఉంది. చికిత్స నిర్ణయమంతా ఈ ఒక్క గ్రహింపు మీద ఆధారపడింది.

ఏ మందు, ఎందుకు

చెన్నైలోని క్యాన్సర్ నిపుణులతో మాట్లాడాము. లింఫోమా అనగానే చాప్ అనే మందుల కలయికతో కీమోథెరపీ అన్నది సహజమైన మొదటి ఆలోచన. జబ్బు చురుకుగా ఉన్న చోట్లను చూపే పెట్ సీటీ స్కాన్‌లో చర్మం కింది కొవ్వులో పద్నాలుగు చోట్ల జబ్బు ఉన్నా, లింఫు గ్రంథుల్లో, లోపలి అవయవాల్లో లేదు. ప్లేట్‌లెట్లు 78,000, తెల్లకణాలు 2,100 ఉన్న మనిషికి కీమో ఇస్తే ముందుగా పడిపోయేది ఆ మిగిలిన కణాలే. ఇంకోవైపు, ఈ రకం లింఫోమాలో స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ వంటి రోగనిరోధక శక్తిని అణిచే మందులతోనే చాలామంది పూర్తిగా కోలుకున్నారని అనుభవాలు చెబుతున్నాయి. సైక్లోస్పోరిన్ టి కణాలను నేరుగా శాంతింపజేస్తుంది; అదే మందు హెచ్‌ఎల్‌హెచ్ చికిత్సలోనూ ఉంది. ఒకే మందు రెండు జబ్బులకూ పనికివచ్చేటప్పుడు దాన్ని ముందు వాడి, రెండు వారాల్లో ఫెరిటిన్ సగానికి దిగకపోతే ఎటోపోసైడ్ అనే కీమో మందుకు మారుదామని అందరం కలిసి ఒక గడువు పెట్టుకున్నాము. గడువును కేసు షీటు మీద తేదీతో సహా రాశాము. గడువు రాసి పెట్టుకోకపోతే ‘ఇంకో నాలుగు రోజులు చూద్దాం’ అన్న మాట దగ్గరే రోగులు చేయి దాటిపోవడం నేను చూశాను.

అప్పుడే ఆమె తల్లి అడిగింది. “క్యాన్సర్ అంటున్నారు గదా సార్, మరి క్యాన్సర్ మందు ఎందుకు ఇయ్యరు? డబ్బులు కట్టలేమనా?” ఆ ప్రశ్న నన్ను కదిలించింది. డబ్బుతో దీనికి సంబంధం లేదని, ఈ రకం క్యాన్సర్‌కు ఇది కూడా మందేనని, నిప్పు ఎక్కడ ఉందో అక్కడే నీళ్లు పోస్తున్నామని చెప్పాను. ఎప్పుడు మారుస్తామో తేదీ చూపించాను. తేదీ చూశాక ఆమె నెమ్మదించింది.

హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ, గర్భ పరీక్షలు చేశాక, డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లతో పాటు సైక్లోస్పోరిన్ 75 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాము. అప్పుడామె బరువు 42 కిలోలు. నాలుగో రోజు జ్వరం పోయింది. అయితే అది డెక్సామెథాసోన్ వల్ల కావచ్చు కాబట్టి సంతోషించలేదు. ఐదో రోజు రక్తంలో సైక్లోస్పోరిన్ స్థాయి చూస్తే 60 మాత్రమే ఉంది. మేము ఆశించింది కనీసం 150. మాత్రలు వేసుకోవడం లేదేమోనని నర్సు అనుమానించింది. అసలు కారణం, ఎనిమిది రోజుల కిందట ఆపేసిన రిఫాంపిసిన్. ఆ మందు ఆపినా ఎంజైముల మీద దాని ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది, సైక్లోస్పోరిన్‌నూ అది అలాగే విరిచేస్తుంది. మోతాదును ఒక్కసారిగా రెట్టింపు చేయాలన్న తొందరను ఆపుకున్నాము, ఎందుకంటే ఆ ప్రభావం తొలగిన రోజున అదే మోతాదు మూత్రపిండాలకు విషమవుతుంది. 100 మి.గ్రా.కు పెంచి, నాలుగు రోజులకొకసారి స్థాయి చూస్తూ పోయాము. మూడో వారంలో స్థాయి 260 దాటడంతో మళ్లీ 75కు దించాము.

రెండు వారాల గడువు నాటికి ఫెరిటిన్ 900. ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. మూడో వారం నుంచి గడ్డలు అంచుల నుంచి మెత్తబడుతూ వచ్చాయి. పన్నెండో వారం పెట్ సీటీలో జబ్బు కనిపించలేదు.

ఆ తర్వాతి రెండేళ్లు

మంచి ఫలితం వచ్చాక కష్టాలు వేరే రూపంలో వచ్చాయి. మూడో నెలలో రక్తపోటు 150/96కు చేరింది. సైక్లోస్పోరిన్ స్థాయిని పెంచే డిల్టియాజెమ్ వంటివి వద్దనుకుని ఆమ్లోడిపిన్ ఇచ్చాము, చిగుళ్లు ఉబ్బుతాయేమో చూస్తూ వచ్చాము. పంపరపనస తినవద్దని చెప్పాము, అదీ ఈ మందు స్థాయిని పెంచగలదు. చెంపల మీద, చేతుల మీద సన్నటి వెంట్రుకలు రావడం ఆమెను రక్తపోటు కంటే ఎక్కువగా బాధపెట్టింది. ఒక నెల ఎవరికీ చెప్పకుండా రాత్రి మాత్ర మానేసింది. రక్తంలో స్థాయి తగ్గడం చూసి అడిగితే తలదించుకుని చెప్పింది. ఈ మందు మొదలుపెట్టే రోజే వెంట్రుకల సంగతి, ఆపితే అవి తగ్గుతాయన్న సంగతి మేమే చెప్పి ఉండాల్సింది.

తొమ్మిదో నెలలో రోజుకు 25 మి.గ్రా.కు తగ్గించినప్పుడు ఎడమ జబ్బ మీద రెండు చిన్న గడ్డలు లేచాయి. లోతైన బయాప్సీలో అదే జబ్బు. మోతాదు తిరిగి పెంచితే నెలలో అణిగాయి. ఈసారి తగ్గింపును మూడు నెలలకొక మెట్టుగా చేశాము.

ఈ దశలోనే జన్యు పరీక్ష చేయించాము. టిమ్ 3 అనే ప్రొటీన్ టి కణాలకు కళ్లెం వంటిది. దాన్ని తయారుచేసే హెచ్ఏవీసీఆర్2 జన్యువులో పుట్టుకతో వచ్చే లోపమే ఈ లింఫోమా ఉన్న చాలామందిలో మూలమని 2018లో తేలింది. కళ్లెం లేని టి కణాలు రెచ్చిపోతే గడ్డలూ, హెచ్‌ఎల్‌హెచ్ రెండూ వస్తాయి. రోగనిరోధకతను అణిచే మందులు ఎందుకు పనిచేస్తాయో కూడా దీంతో అర్థమవుతుంది. ఈమెలో ఆ జన్యువు రెండు ప్రతులలోనూ వై82సి మార్పు ఉంది. తల్లిదండ్రులది మేనరికం.

ఆ మాట చెప్పడానికి చాలా జాగ్రత్త పడ్డాను. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని ఆ తల్లి మిగిలిన జీవితమంతా తనను తాను నిందించుకునేలా చెప్పకూడదు. లోపమున్న రెండు ప్రతుల్లో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చాయని, అలాంటి ఒక్క ప్రతితో ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారని, తోబుట్టువులలో ప్రతి ఒక్కరికీ రెండు ప్రతులూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటని, అలా వచ్చినా జబ్బు వచ్చి తీరుతుందని కాదని చెప్పాను. పెళ్లి సంబంధాలు చూస్తున్న చెల్లెలు పరీక్ష చేయించుకోవాలా అని అడిగారు. ముందుగా తెలిసినా ఆపే మందేమీ లేదు. తెలిసిన సంగతి సంబంధాల దగ్గరికి వెళ్లే ప్రమాదం మాత్రం ఉంది. అందుకే నిర్ణయాన్ని ఆ అమ్మాయికే వదిలి, ఆమెతో విడిగా మాట్లాడాను. వారం దాటిన జ్వరంతో పాటు చర్మం కింద గడ్డ ఏది వచ్చినా ముక్కను కొవ్వు పొర దాకా తీయించాలని, ఆ పరీక్షకు ముందు స్టెరాయిడ్ వేసుకోకుండా రావాలని ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ కాగితంలో ‘కొవ్వు పొర దాకా’ అన్న మాటల కింద గీత గీశాను, ఎందుకంటే ఆ కాగితాన్ని చదివే డాక్టరు నేనే కాకపోవచ్చు.

నా క్లినిక్‌లో కూడా ఒక పద్ధతి మారింది. చర్మం కింది గడ్డకు పంచ్ బయాప్సీ చేయడం మానేశాను. కోసి తీసిన ముక్కను సీసాలో వేసే ముందు గాజు పలక మీద పెట్టి పసుపు భాగాన్ని స్కేలుతో కొలుస్తాము. చర్మం మందం కంటే కొవ్వు తక్కువగా ఉంటే అప్పుడే, గాయం మూయకముందే, మళ్లీ తీస్తాము.

ఈ నెల ఆమె వచ్చినప్పుడు బరువు 51 కిలోలు, ఫెరిటిన్ 84, రక్తపోటు మామూలుగా ఉంది. సైక్లోస్పోరిన్ ఆపి ఐదు నెలలైంది. చెంపల మీది వెంట్రుకలు పోయాయి. గడ్డలు లేవు. తొడ మీది గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని పూడ్చే వీలుందా అని మొదటిసారి అడిగింది. మందు ఆపి రెండేళ్లు గడిచేదాకా అక్కడ ఏదీ ఎక్కించకుండా ఉండటం మంచిదని, అక్కడ కొత్తగా ఏ గడ్డ తగిలినా అది జబ్బో, ఎక్కించినదో తేల్చుకోవడం కష్టమవుతుందని చెప్పాను. వచ్చే పరీక్ష మూడు నెలలకు.